అత్తమ్మ నౌకరి

సరోజన పోయింది ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆమె కోడలు ధరణి ఆమె గురించి ఒక అబద్ధం రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది.

కెనడాలోని మిల్టన్‌లో అంత్యక్రియలు ఏర్పాటు చేసే ఆఫీసు అది. బూడిద రంగు కోటు వేసుకున్న మనిషి గొంతు తగ్గించి మాట్లాడుతూ, బల్ల మీద ఒక ఫారం పెట్టి, పక్కనే టిష్యూ డబ్బా జరిపాడు. సరోజన కొడుకు మహీధర్ పెన్ను పట్టుకున్నాడు గానీ మూత తీయకుండానే ధరణి ముందు పెట్టాడు. "నువ్వు రాయి" అన్నాడు భార్యతో. అందులో కొత్తేమీ లేదు. పందొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఫారాలన్నీ ధరణే నింపుతోంది. పీఆర్ కార్డులు, పాస్‌పోర్టులు, అత్తమ్మ ఇక్కడ ఉండటానికి సూపర్ వీసా, కూతురు అనన్య స్కూలు కాగితాలు అన్నీ ఆమె పనే. పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది. అది నిజం తేదీ కాదు, పాస్‌పోర్టు కోసం ఎవరో వేసింది. అయినా అది తనకు ముందువాళ్ల అబద్ధం. తర్వాతి గడి దగ్గర ఆగింది. జీవితంలో ఎక్కువ కాలం చేసిన పని ఏమిటని అడుగుతోంది ఫారం.

"ఏం పని... హోమ్‌మేకర్. అంతే కదా" అన్నాడు మహీధర్, కిటికీలోంచి మంచును చూస్తూ.

అంతే కాదని ధరణికి తెలుసు. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది తనొక్కదానికేనని కూడా ఆమె అనుకుంది. తెలిసి ఉండీ హోమ్‌మేకర్ అనే రాసింది. ఆ గదిలో, ఆ మనిషి ముందు, తల్లి పోయి ఆరు గంటలైనా కాని మనిషితో వాదన ఎట్లా పెట్టుకుంటుంది? అని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది. పిల్లలు హోంవర్క్ ఎందుకు చేయలేదో చెప్పేటప్పుడు కూడా కారణాలు ఇట్లాగే బాగుంటాయి.

అత్తగారు పోతే స్కూలు మూడు రోజులు సెలవిచ్చింది. నాలుగో రోజు ధరణి నాలుగో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పింది. సాయంత్రం కారు గ్యారేజీలో పెట్టి, ఇంట్లోకి తెరుచుకునే తలుపు తీసి, అక్కడే నిలబడిపోయింది. తొమ్మిదేళ్లుగా ఆ తలుపు తీయగానే పోపు వాసన వచ్చేది. ఇప్పుడు కార్పెట్ వాసన వచ్చింది. తమ ఇంటికి కార్పెట్ వాసన ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఫారంలో రాయని ఆ సంగతి అత్తమ్మ చెప్పింది నాలుగేళ్ల కింద, నవంబరులో. ధరణి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని రిపోర్టు కార్డులు రాస్తోంది. సరోజన ఎదురుగా కూర్చుని స్టీలు పళ్లెంలో కందిపప్పు పోసుకుని, వేళ్లతో జరుపుతూ ఏరుతోంది. ఆమె వేళ్ల వేగం చూస్తే ఎవరికైనా తలతిరిగేది. కళ్లకంటే ముందు అవే చూసేవి.

"అత్తమ్మా, ఇక్కడ పప్పులో రాళ్లుండవు. మెషిన్ క్లీన్ చేసిందే వస్తది" అంది ధరణి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"ఎరుకే బిడ్డా. చేతులు ఊకుంటలేవు. వయసుల ఉన్నప్పుడు గదే పని జేసిన గద."

"ఏం పని?"

"బాయి మీద. బెల్టు మీద బొగ్గు ఉరుకుతాంటే అండ్ల రాయి ఏరుడు. మీ మామ నౌకరి, మీ మామ నౌకరి అంటరు గద అందరు. అది ముందుగాల నాది."

వాళ్ల ఊరు మందమర్రిలో బొగ్గు గనిని బాయి అంటారు. సరోజన తండ్రి బాయిలోనే, పైకప్పు కూలి చనిపోయాడు. కొడుకులు లేరు. ఆ నౌకరి సరోజనకు వచ్చింది. ఆడమనిషి కాబట్టి కిందికి దించరు, పైనే బొగ్గు జల్లించే చోట పని. పెళ్లయింది. భర్త భీమారావుకు అప్పటికి పనేమీ లేదు. ఒక కూతురు పుట్టింది, తర్వాత ఎనిమిదేళ్లకు కొడుకు పుట్టాడు. కొడుకు పుట్టాక పెద్దమనుషులు ఇంటి ముందు మంచాలేసుకుని కూర్చున్నారు. మొగోడు ఇంట్ల ఉండి ఆడది షిఫ్టులకు పోవుడేంది అన్నారు. భార్య నౌకరి భర్త పేరు మీద పెట్టుకోవడం అప్పట్లో కుదిరేదట. "సంతకం ఎట్ల బెట్టుడో మీ మామనే నేర్పిండు" అంది సరోజన, పప్పు జరుపుతూనే. "నాలుగు దినాలు కూసోబెట్టి నేర్పిండు. గా ఒక్క కాగితం కోసం."

అప్పుడు ధరణి తలెత్తింది. సరోజన నవ్వుతోంది.

"నువ్వు టీచరమ్మవు గద. తీరినప్పుడు, నేను గూడ పనిజేసిన అని ఒక కాగితం మీద రాసిపెట్టు బిడ్డా. ఇంగ్లీషుల రాయి, అనన్యకు ఉంటది."

"ఈ రిపోర్టు కార్డులు అయిపోనీ అత్తమ్మా, రాస్తా."

రిపోర్టు కార్డులు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. తర్వాత నాలుగేళ్లలో వచ్చినవన్నీ ధరణి గడువు కంటే ముందే రాసింది. నూట తొంభై కార్డులు, ఒక్కొక్క పిల్ల గురించి విడిగా, ఎవరి మనసూ నొచ్చుకోకుండా, ఎక్కడా అబద్ధం రాకుండా. సరోజన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమెకు దేన్నీ రెండోసారి అడిగే అలవాటు లేదు.

మహీధర్‌కు చెప్పకపోవడానికి ధరణి దగ్గర ఒక మంచి కారణం, ఒక చెడ్డ కారణం ఉన్నాయి. మంచి కారణం అతని ముఖం. ఆఫీసు పార్టీల్లో, తెలుగు సంఘం పిక్నిక్కుల్లో "మై డాడ్ వాజ్ ఎ కోల్ మైనర్" అని చెప్పేటప్పుడు అతని ముఖంలో ఒక వెలుగు వచ్చేది. వినేవాళ్లు గ్లాసు పక్కన పెట్టి మరీ వినేవారు. ఆ కథలో తల్లి పొద్దున్నే లేచి టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చే మనిషి. సెలవుల్లో మందమర్రి పోయినప్పుడు భీమారావు కూడా అన్నం కలుపుకుంటూ, "నా నౌకరి మీద బతికిర్రు అందరు" అనేవాడు. సరోజన అతని కంచంలో కూర వేసేది. ఆ గరిటె ఎప్పుడూ తొణకలేదు.

చెడ్డ కారణం తన గురించి. అనన్యకు ఐదేళ్లు వచ్చేదాకా ధరణి ఇంట్లోనే ఉంది. వరంగల్‌లో ఎనిమిదేళ్లు చదువు చెప్పిన మనిషి మిల్టన్ టౌన్‌హౌస్‌లో మైక్రోవేవ్ గడియారం చూస్తూ కూర్చుంది. మామయ్య పోయాక అత్తమ్మ వచ్చింది. వచ్చిన మూడో రోజే వంటగది తీసుకుంది. నెల తిరిగేసరికి అనన్య జడ, అనన్య లంచ్ బాక్స్, బట్టల మడతలు, ఇంటి ముందు మంచు కూడా తీసుకుంది. ధరణి సర్టిఫికెట్లు పంపించుకుని, పరీక్ష రాసి, సప్లై టీచరుగా చేరి, మూడేళ్లకు పర్మనెంట్ అయింది. స్టాఫ్‌రూమ్‌లో ఒక సహోద్యోగిని, "నీకేంటి, ఇంట్లోనే ఉండే హెల్ప్ ఉంది, లక్కీ" అంటే ధరణి నవ్వింది. "మా అత్తగారు" అని సరిదిద్దింది. హెల్ప్ అన్న మాటను సరిదిద్దలేదు. మహీధర్ అయితే, "అమ్మకు ఇక్కడ ఏం కష్టం? హీటర్ ఉంది, యూట్యూబ్ ఉంది, హాయిగా కూర్చుంటది" అనేవాడు, అమ్మ చేసిన సర్వపిండి తింటూ. ధరణి అతని కంచంలో ఇంకోటి వేసేది. సరోజన మొదటి నౌకరిని భీమారావు తీసుకున్నాడు. రెండోసారి ఆమె చేతుల్లోని రోజులన్నీ తీసుకున్నది తను. సంతకం కూడా నేర్పలేదు. ఆ మొదటి సంగతి చెప్పాలంటే ఈ రెండోది కూడా చెప్పాలి. అందుకే నోరు విప్పలేదు.

జూన్‌లో వాళ్లు ముగ్గురూ విమానమెక్కి కెనడా తూర్పు చివరనున్న కేప్ బ్రెటన్ దీవికి వెళ్లారు. మహీధర్ అక్క సమ్మక్క కూతురు ఇషిత అక్కడి సిడ్నీలో చదువు ముగించింది. మందమర్రి నుంచి తల్లికి వీసా రాలేదు కాబట్టి, పట్టా తీసుకునేటప్పుడు చప్పట్లు కొట్టడానికి మామా అత్తా ఉండాలంది. శుక్రవారం చప్పట్లు కొట్టారు. శనివారం పొద్దున ఇషిత కాఫీ షాపు డ్యూటీ మార్చుకుని వచ్చి, "మామా, ఇయ్యాల మిమ్మల్ని ఒకకాడికి తీస్కపోత. మన మందమర్రి లెక్కనే ఉంటది, గని లేని మందమర్రి" అంది.

పట్నం దాటి సముద్రం వైపు పోతే పాత గని స్థలం వచ్చింది. గని మూసి చాలా ఏళ్లయింది. బొగ్గు గుట్టలు ఉన్నచోట గడ్డి, ఆల్డర్ పొదలు, వాటి మధ్య నడిచే దారి. గని నోటిని సిమెంటు పలకతో మూశారు. ఆ పలక పగుళ్లలో పసుపు పూలు. పొగమంచు ఇంకా పూర్తిగా లేవలేదు. రెక్కల మీద ఎర్ర మచ్చలున్న నల్లపిట్టలు జమ్ము కంకుల మీద ఊగుతూ అరుస్తున్నాయి. మహీధర్ చుట్టూ చూసి, "బొగ్గు వాసనే లేదు" అన్నాడు, ఎవరో తనని మోసం చేసినట్టు.

దారి మొదట్లో ఒక చెక్క గది ఉంది. రబ్బరు బూట్లు వేసుకున్న డెబ్బై ఏళ్ల ఆవిడ బయటికొచ్చింది. షీలా అట. ఈ చోటును చూసుకునే వాలంటీర్లలో ఒకావిడ. మహీధర్‌ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ నాన్న ఎవరు?" అని అడిగింది.

మహీధర్ తడబడ్డాడు. ఇషిత నవ్వింది. "ఇక్కడ కొత్తోళ్లు కనబడితే ముందు గదే అడుగుతరు మామా. ఎవరి తాలూకో తెల్వాలె గద."

"భీమారావు" అన్నాడు మహీధర్, ఆ వెలుగు ముఖంలోకి వస్తుండగా. "కోల్ మైనర్. ఇండియాలో. ఇరవై ఎనిమిదేళ్లు అండర్‌గ్రౌండ్."

షీలా చేతి తొడుగు తీసేసి అతని చెయ్యి పట్టుకుంది. తన తండ్రీ, ఇద్దరు అన్నలూ ఇదే గనిలో పనిచేశారట. వాళ్లను చెరువుల వెంట నడిపించింది. గని మూసేసినా కింద నీళ్లు ఊరుతూనే ఉంటాయి, తుప్పు పట్టి పైకి వస్తాయి. వాటిని ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి పంపుతారు. మొదటి చెరువు ముదురు నారింజ రంగులో ఉంది. రెండోది టీ రంగులో. ఐదో దాంట్లో జమ్ము మొదళ్లు కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. అక్కడినుంచి వాగులోకి పోతాయి. "గని పని అరవై ఏళ్లలో అయిపోయింది" అంది షీలా. "ఈ పని అవ్వదు. మగాళ్లు బొగ్గు తీశారు, జీతం తీసుకున్నారు. మేం బురద తీస్తున్నాం, ఊరికే." పెద్దగా నవ్వింది. "మా వాలంటీర్లలో మగాడు ఒక్కడే. అతనికీ మోకాలు నొప్పి."

ధరణి కూడా నవ్వింది. ఫిబ్రవరి తర్వాత అట్లా నవ్వడం అదే మొదలు.

తిరిగి చెక్క గదికి వచ్చాక షీలా ఒక లావుపాటి పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచింది. గని మనుషుల పేర్ల పుస్తకం. ఈ ఊరి గనే కానక్కరలేదు. పోలండ్ వాళ్లవి, వేల్స్ వాళ్లవి కూడా ఉన్నాయి. వరసగా గడులు: పేరు, గని, చేసిన పని, చేరిన సంవత్సరం, మానేసిన సంవత్సరం. ఏడాదికోసారి అందులోంచి కొత్త పేర్లు తీసి బయట రాతి గోడ మీద చెక్కిస్తారు. "మీ నాన్న పేరు రాయండి" అంది మహీధర్‌తో.

మహీధర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. పెన్ను తీశాడు. ధరణికి అతని చెవి వెనక నెరిసిన వెంట్రుకలు కనబడుతున్నాయి. ఈ మనిషి సంతోషంగా ఉన్నాడు. నాలుగు నెలల తర్వాత సంతోషంగా ఉన్నాడు. ఇప్పుడు మాట్లాడితే ఆ సంతోషం పోతుంది. మాట్లాడకపోతే ఒక రాతి గోడ మీద, సముద్రం పక్కన, ఇంకోసారి అదే అబద్ధం. ఈసారి తను రాయకపోయినా సరే.

"అత్తమ్మ పేరు కూడా రాయాలి" అంది.

"అమ్మదా? ఇది వర్కర్లది ధరణీ."

"అత్తమ్మ వర్కరే. మీరు పుట్టేనాటికి ఆ నౌకరి అత్తమ్మదే. బెల్టు మీద రాయి ఏరేవారు."

మహీధర్ నవ్వబోయి ఆగాడు. "ఎవరు చెప్పారు నీకు? అమ్మకు పెద్దతనంలో ఏవేవో కలిసిపోయేవి. నాన్న టిఫిన్ ఇవ్వడానికి గేటు దాకా పోయేది, అది చెప్పి ఉంటది."

"కలిసిపోలేదు."

"నాకు తెలియదా మా అమ్మ సంగతి?" గొంతు కొంచెం లేచింది. షీలా మర్యాదగా కిటికీ వైపు తిరిగింది.

అప్పటిదాకా ఫోనులో పిట్టల ఫొటోలు చూసుకుంటున్న అనన్య తల ఎత్తకుండానే అంది: "నానమ్మ వాజ్ ఎ పికర్, డాడ్. షి టోల్డ్ మీ లైక్ ఎ హండ్రెడ్ టైమ్స్."

ఇద్దరూ కూతురి వైపు తిరిగారు.

"వాట్? జడ వేసేటప్పుడు చెప్పేది. తన పక్కన ఇంకో పదకొండు మంది ఉండేవాళ్లంట. అందరూ పాటలు పాడేవాళ్లంట. నానమ్మ వాజ్ ద ఫాస్టెస్ట్." పద్నాలుగేళ్ల పిల్ల భుజాలు ఎగరేసింది. "ఐ థాట్ యూ గైజ్ న్యూ."

ఆ మాటకు మహీధర్ కంటే ధరణికే దెబ్బ గట్టిగా తగిలింది. నాలుగేళ్లుగా ఆ సంగతిని తనొక్కతే మోస్తున్నానని, మోయలేక నలిగిపోతున్నానని అనుకుంది. అత్తమ్మ మాత్రం తన కోసం చూస్తూ కూర్చోలేదు. టీచరమ్మకు తీరిక దొరకదని తెలిసి, జడ అల్లుతూ అల్లుతూ, వినే మనిషికి చెప్పుకుంది. ధరణి వేరే పిల్లలకు చదవడం నేర్పడానికి బయల్దేరిపోయిన ఆ పొద్దుల్లోనే చెప్పుకుంది.

"అమ్మకు ఫోన్ చేస్త మామా" అంది ఇషిత, గాలి బరువెక్కడం గమనించి. "ఇప్పుడు అక్కడ రాత్రి వంట టైం, మేల్కొనే ఉంటది."

తెర మీద సమ్మక్క ముఖం వచ్చింది, వెనక ప్రెషర్ కుక్కర్ ఈల వేస్తోంది. ముందు పట్టా ఫొటోలు ఎందుకు పంపలేదని కూతుర్ని తిట్టింది. తర్వాత తమ్ముణ్ని చూసి, "ఏందిరా మొకం గట్ల పెట్టినవు?" అంది.

"అక్కా, అమ్మ బాయిలో పనిచేసిందా?"

కుక్కర్ ఇంకో ఈల వేసింది. సమ్మక్క చెయ్యి చాపి పొయ్యి ఆపింది.

"చేసిందా ఏంది? నువ్వు కడుపుల ఉన్నప్పుడు గూడ పోయింది. నువ్వు పుట్టినంక, నీకు రెండు నెలలు గూడ నిండలే, మల్ల పోయింది. నేనే గద నిన్ను సంకల ఏస్కొని బాయి గేటు కాడికి తెచ్చేది. నాకు ఎనిమిదేండ్లు. నువ్వేమో బండలెక్క బరువు. అమ్మ పని నడుమల ఉరికొచ్చి, గేటు పక్కన గోడ సాటుకు కూసోని, కొంగు కప్పి నీకు పాలిచ్చి మల్ల ఉరుకుతుండె."

మహీధర్ ఇషిత చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నీ మూతికి నల్లగ బొగ్గు అంటుతుండెరా తమ్మీ" అంది సమ్మక్క. "నేను లంగ అంచుతోని తుడుస్తుంటి. ఇంటికి పోయినంక నాయిన సూత్తే అమ్మను తిడుతడని."

"నాకెందుకు చెప్పలేదక్కా? ఎవ్వరూ ఎందుకు చెప్పలే?"

"నువ్వడిగినవా?"

ఆ తర్వాత సమ్మక్క ధరణిని పిలవమంది. ఇద్దరు ఆడవాళ్లూ ఆ చిన్న తెర మీద ఒకరినొకరు చూసుకున్నారు. "అమ్మ ఆ నౌకరి ఇచ్చినంక ఏడువలే ధరణీ. నేను సూసిన. మూడొద్దులు మాత్రం పొద్దుగాల లేసి, చీర గట్టుకొని, తయారై, తలుపు కాడ నిలవడ్డది. మల్ల లోపలికొచ్చి పొయ్యి ముట్టిచ్చింది. నాలుగో దినం నుంచి తలుపు కాడికి పోలే."

ఫోను పెట్టేశాక మహీధర్ బయటికి నడిచాడు. ధరణి వెంటనే వెళ్లలేదు. కాసేపు ఆగి వెళ్లింది. అతను నారింజ రంగు చెరువు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక నుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి. అతను ఏడవడం ఆమె రెండుసార్లే చూసింది, అనన్య పుట్టినప్పుడు, తండ్రి పోయినప్పుడు. ఫిబ్రవరిలో ఏడవలేదు. ధరణి పక్కకు పోయి నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు, మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడింది.

"అయితే నాన్నది... అంతా అబద్ధమా?" అన్నాడు.

"లేదు. మామయ్య ఇరవై ఎనిమిదేళ్లు కిందికి దిగారు. బొగ్గు పట్టిన ఆ ఊపిరితిత్తులతోనే పోయారు. అది ఎవరు తీసేస్తారు?"

"మరి నాన్న ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు?"

"అత్తమ్మ ఎందుకు చెప్పలేదో అడగరేం?"

అతను ఆమె వైపు చూశాడు. ధరణి నీళ్ల వైపు చూస్తూ, తరగతి గదిలో మాట్లాడినంత నెమ్మదిగా చెప్పింది. నాకు చెప్పారు అంది. రాసిపెట్టమని అడిగారు, నేను రాయలేదు అంది. ఆ తొమ్మిదేళ్లు నేను స్కూలుకు పోయింది అత్తమ్మ ఇంట్లో ఉన్నందుకే, మీరు జీతం పెరిగిందని సంతోషించింది కూడా అందుకే, మనం ఆవిడను ఒక్కరోజు కూడా అలిసిపోయావా అని అడగలేదు అంది. మీరు హాయిగా కూర్చుంటది అన్నప్పుడు నాకు కోపం వచ్చింది, కానీ ఆ కోపం వెనక దాక్కుని నేనూ హాయిగా ఉన్నాను అంది. ఈ మాటలు చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పాక అక్కడున్న బెంచీ మీద కూర్చుంది.

మహీధర్ వాదించలేదు. "అప్పుడప్పుడు రాత్రి కాళ్లకు నూనె రాసుకునేది" అన్నాడు. "వయసు కదా అనుకునేవాణ్ని." అతనికి చేతనైన క్షమాపణ అది. ధరణి దాన్ని తీసుకుంది. అది తనకు చెందింది కాదని తెలిసినా తీసుకుంది. తీసుకోవలసిన మనిషి లేదు కాబట్టి.

గదిలోకి తిరిగొచ్చాక అతను పుస్తకం ముందు కూర్చుని భీమారావు పేరు, గని, పని, సంవత్సరాలు రాశాడు. రాసి, పెన్ను భార్యకు ఇస్తూ, "కింద అమ్మది రాయి" అన్నాడు.

"కింద కాదు" అంది ధరణి. పేజీ తిప్పింది. కొత్త పేజీలో మొదటి వరసలో రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో రాసింది, అడిగిన మనిషి అట్లాగే అడిగింది కాబట్టి. పేరు సరోజన. గని మందమర్రి. పని, కదిలే బెల్టు మీద బొగ్గులోంచి రాయి ఏరడం. మానేసిన సంవత్సరం 1979, మహీధర్ పుట్టిన ఏడు. ఎందుకు మానేసిందో రాయడానికి గడి లేదు. ధరణి గీత బయట, అంచులో రాసింది: ఉద్యోగం భర్త పేరు మీదికి మార్చడానికి సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టడానికే రాయడం నేర్చుకుంది. మళ్లీ ఒకసారి చదువుకుంది. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ కాపాడలేదు. అట్లాగే ఉంచింది.

తర్వాతి వరసలో ఇంకోసారి అదే పేరు రాసింది. గని అన్నచోట, మిల్టన్, ఒంటారియో. పని అన్నచోట, వంట, బట్టలు, మంచు తీయడం, ఒక పిల్లను పెంచడం. అంచులో: ఆ తొమ్మిదేళ్లు కోడలు బడిలో చదువు చెప్పింది.

షీలా భుజం మీదుగా వంగి చదివింది. "ఇది గని పని కాదు కదా" అంది.

"కాదు."

షీలా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మా అమ్మ ముగ్గురు గని మనుషుల బట్టలు ఉతికింది, బావి నీళ్లతో. ఉండనీ. కమిటీ వాళ్లు అడిగితే నేను చెప్పుకుంటా."

అనన్య వచ్చి తల్లి కుర్చీ చేతి మీద కూర్చుంది. వేలితో వరస వెంట జరుపుకుంటూ చదివింది. మొదటి వరసలో ఒకచోట వేలు ఆగింది. "యూ మిస్డ్ వన్" అంది. "ఎప్పుడు స్టార్ట్ చేసింది నానమ్మ?"

"నీకు చెప్పలేదా?"

అనన్య తల అడ్డంగా ఊపింది. ఇషిత మళ్లీ తల్లికి ఫోన్ చేసింది. సమ్మక్కకూ తెలియదు. తను పుట్టేటప్పటికే పోతుండేదట, అంతకు ముందు సంగతి చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదట. పాత హాజరు పుస్తకాలు ఎక్కడైనా ఉంటే ఉండాలంది. వచ్చే నెల ఊరికి పోయినప్పుడు అడుగుతానన్నాడు మహీధర్. పోవడానికి టికెట్ ఇంకా తీసుకోలేదు. గోడ మీద చెక్కాలంటే రెండు సంవత్సరాలూ ఉండాలని షీలా చెప్పింది, అక్టోబరు దాకా సమయం ఉందని కూడా చెప్పింది. ధరణి పెన్ను మూత పెట్టింది.

సరోజన ఏ సంవత్సరం పనిలో చేరిందో ఇంకా కనుక్కోవాలి.